రెండో ఏడు ఫీజు

బ్లాంటైర్, మలావీ
2020 జనవరి 5

అక్కా,

మీరంతా బాగున్నారని ఫోన్లో వింటూనే ఉన్నాను, ఆ సంగతులు మళ్లీ రాయను. ఇది ఒక పని మీద రాస్తున్న ఉత్తరం. ఫోన్లో అడిగితే బావ ముఖం చూసి అప్పటికప్పుడు అవుననో కాదనో అనేస్తావు. కాగితం మీదైతే రెండు రోజులు ఆలోచిస్తావు. రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. నువ్వూ అట్లాగే పంపు.

మా మిల్లులో నా కింద పదకొండేళ్లుగా మగ్గాలు బిగిస్తున్న చిసాలె గురించి చెప్పాను కదా. వాళ్లమ్మాయి తియామికె ఆగస్టు నుంచి మీ సూరత్‌లోనే చదువుతోంది. ల్యాబ్ టెక్నీషియన్ డిగ్రీ, మూడేళ్లు. ఇక్కడ సర్కారు కాలేజీలో సీటు రాలేదు. ప్రైవేటు కాలేజీ ఫీజు మీ సూరత్ ఫీజుకు రెండింతలు.

ఆ సీటు కోసం చిసాలె ఏడాదంతా ఒక నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నాడు. సౌతాఫ్రికాకు ఒక పేజీ, చైనాకు ఒక పేజీ, టర్కీకి ఒకటి, ఇండియాకు ఒకటి. ఫీజు, గది, వీసా, మక్కపిండి, బస్సు, సబ్బు, అన్నీ పెన్సిలుతో రాసి లెక్క కట్టాడు. ఇండియా పేజీ ఒక్కటే అతని పొదుపులో ఇమిడింది. విమానం టికెట్లు రెండే రాశాడు, పోయేటప్పుడు ఒకటి, మూడేళ్లకు వచ్చేటప్పుడు ఒకటి. "నడుమ పిల్లను చూడబుద్ధి అయితే?" అన్నాను. "ఫోన్ల చూస్త," అన్నాడు.

హాస్టల్‌కు ఏడాదికి నలభై వేల రూపాయలు అనుకున్నాడు. ఎనభై అయిదు వేలు అడిగారు. మొదటి ఆరు నెలలకే లెక్క తప్పింది. మీ మేడ మీది గది ఖాళీగా ఉందన్నావు. నెలకు పదిహేను వందలకు ఇవ్వగలవా? సూరత్‌లో మా అక్క ఉందని చిసాలెకు చెప్పింది నేనే. ఆ మాట మీదే అతడు ఇండియా పేజీ దగ్గర ఆగాడు.

నీ తమ్ముడు,
మార్కండేయ


డిండోలి, సూరత్
2020 మార్చి 9

తమ్ముడూ,

పిల్ల వచ్చి నెల దాటింది. పొడుగు మనిషి, మెత్తని గొంతు. విదేశీ మనిషిని ఇంట్లో పెట్టుకున్నందుకు ఆన్‌లైన్లో ఏదో ఫారం నింపాలట, నీ మేనకోడలు రుచితే నింపింది. పక్కింటి బుచ్చవ్వ గోడ మీదుగా, "ఎవ్వరు దొరకలేదా, నల్లపిల్లకిచ్చినవు రూము?" అంది. పిల్ల వినేసింది. నీ దగ్గరా వాళ్ల నాన్న దగ్గరా నేర్చిన తెలుగు కొంత ఉంది కదా. పైకి పోతూ, "అక్కా, నల్ల అంటే నాకు తెల్సు," అని నవ్వింది. నాకే తల ఎత్తబుద్ధి కాలేదు.

నన్ను అక్క అనే పిలుస్తుంది. నువ్వు ఎప్పుడూ "మా అక్క, మా అక్క" అంటుంటే నా పేరే అక్క అనుకుందట.

మొదటి ఆదివారం మక్కపిండి గట్టిగా వండి తెచ్చింది. చూస్తే మన గటకే! మీ బావ రెండు ముద్దలు తిని, వాళ్లమ్మ పోయాక గటక తినడం ఇదే మొదలు అన్నాడు. అప్పటి నుంచి ఆదివారం పొయ్యి ఆ పిల్లదే.

పోయిన వారం డుమస్ బీచ్‌కు తీసుకుపోయాం. వాళ్ల దేశంలో పెద్ద సరస్సు ఉంది గానీ సముద్రం లేదట. చెప్పులు చేతబట్టుకుని గంటసేపు నిలబడింది. వాళ్ల నాన్నకు వీడియోలో అలలు చూపించింది. బస్సు చార్జీ తన నోట్‌బుక్‌లో రాసుకుంది. టమాటా భజియాలు మేం తినిపించాం, అవి రాసుకోనివ్వలేదు.

చైనా రోగం అంటున్నారు టీవీలో. అక్కడ జాగ్రత్త.

అక్క,
స్వరాజ్యం


బ్లాంటైర్
2020 జూన్ 14

అక్కా,

మిల్లు సగం రోజులే నడుస్తోంది, సగం జీతం. అయినా చిసాలె రెండో ఏడు ఫీజు తెచ్చి నా చేతిలో పెట్టాడు. పొదుపు చాలక మక్క చేను అమ్మాడు. ఈ కరువు రోజుల్లో వచ్చింది సగం ధరే. బ్యాంకులో డాలర్లు దొరకడం లేదు. అందుకని అతని డబ్బు నేను ఇక్కడ వాడుకుని, అక్కడ నా పాత పొదుపులోంచి నీ ఖాతాకు వేయించాను. ఫీజు లక్షా పది వేలు, ఖర్చులకు పదిహేను వేలు. ఆగస్టు పదో తారీఖు లోపల కాలేజీలో కట్టించు.

చేను కాగితాల మీద సంతకం పెట్టొచ్చి ఆ రోజు కూడా రెండు మగ్గాలు బిగించాడు చిసాలె. "బిడ్డ ఉద్యోగం చేస్తే అసొంటివి రెండు చేన్లు కొంటది," అన్నాడు.

సూరత్ నుంచి మనవాళ్లు నడిచి పోతున్నారని విన్నాను. మీరెట్లా ఉన్నారు? బావకు పని ఉందా?

మార్కండేయ


డిండోలి
2020 ఆగస్టు 16

తమ్ముడూ,

డబ్బు ముట్టింది. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. మీ బావ పనిచేసే మగ్గాల కార్ఖానా మూడు నెలలు మూసేశారు, ఇప్పుడు సగం తెరిచారు. మీ బావకు నడుమ కొంచెం జ్వరం వచ్చింది, తగ్గింది. పిల్ల క్లాసులు ఫోన్లోనే నడుస్తున్నాయి. అంతా బాగున్నాం.

చిసాలె గారికి నమస్కారం చెప్పు.

స్వరాజ్యం


బ్లాంటైర్
2020 నవంబర్ 1

అక్కా,

నీ ఉత్తరాలు పొట్టివవుతున్నాయి. ఫోన్లోనూ రుచితే ఎక్కువ మాట్లాడుతోంది. బావ గొంతు విని ఎన్నాళ్లయిందో.

ఒక చిన్న పని. మిల్లు సొసైటీలో చిసాలె మూడో ఏడు కోసం అప్పు అడిగాడు. రెండో ఏడు ఫీజు రసీదు చూపించమన్నారు. కూతురిని అడిగితే "కట్టిన నాన్నా" అంటోంది గానీ కాగితం పంపడం లేదట. కాస్త చూసి పంపించు.

మార్కండేయ


డిండోలి
2020 నవంబర్ 22

తమ్ముడూ,

రసీదు కాలేజీ కంప్యూటర్లో ఉందట, ఆఫీసు మూసి ఉందట. తెరవగానే పంపుతుంది. పిల్ల బాగా చదువుతోంది, దిగులు పెట్టుకోవద్దని చెప్పు. మీ బావ బాగానే ఉన్నాడు, గొంతు బొంగురు పోయింది, అంతే.

స్వరాజ్యం


బ్లాంటైర్
2021 ఫిబ్రవరి 4

అక్కా,

ఇది చదివేటప్పుడు ఆ పిల్ల దగ్గర లేకుండా చూసుకో. ఫోన్లో చెబితే ఆమె చెవిన పడుతుందనే రాస్తున్నాను.

చిసాలె పోయాడు. జనవరి పద్దెనిమిదిన.

క్రిస్మస్ పండగ తర్వాత ఇక్కడ రోగం ఒక్కసారిగా అంటుకుంది. నాలుగు రోజులు దగ్గుతూనే పనిలోకి వచ్చాడు. అయిదో రోజు మగ్గం పక్కనే కూలబడ్డాడు. ఆసుపత్రిలో మంచం దొరికింది గానీ ఆక్సిజన్ లేదు. బయట కొనుక్కుని తెచ్చుకున్నవాళ్లకు పెడుతున్నారు. వాళ్లు అడిగిన డబ్బు అతని భార్య మెర్సీ దగ్గర లేదు. ఉన్నదంతా జూన్‌లోనే ఫీజుకు ఇచ్చేశారు కదా. మిల్లులో మేం డెబ్బై మందిమి తలా కొంచెం వేసి మర్నాడు మధ్యాహ్నానికి సిలిండర్ పట్టుకుపోయాం. పొద్దున్నే పోయాడన్నారు.

కూతురి పరీక్షలు ఫిబ్రవరి పదిహేను నుంచి అట కదా. మెర్సీ నా చేతులు పట్టుకుంది. "పరీక్ష అయ్యేదాకా చెప్పకుండ్రి. ఆయన దానికోసమే చేసిండు అంత. ఒక్క పరీక్ష ఆగితే ఏడాది పోతది," అంది. నాన్న ఆసుపత్రిలో ఉన్నాడనీ, అక్కడ ఫోన్ పెట్టుకోనివ్వరనీ పిల్లకు చెబుతూ వస్తోంది. పరీక్షలయ్యేదాకా ఇంకో రెండు మూడు వారాలు, అంతే. నువ్వూ మామూలుగా ఉండు. పరీక్షలు బాగా రాయించు. ఆ తర్వాత నువ్వే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పు. ఆ పని నీవల్లే అవుతుంది.

మార్కండేయ


డిండోలి
2021 ఫిబ్రవరి 6

తమ్ముడూ,

ఆ పిల్లకు పరీక్ష లేదు.

ఏడు నెలలుగా నీకు రాయాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. పోయిన జూలై పన్నెండున మీ బావకు ఊపిరి ఆడలేదు. సర్కారు దవాఖానలో మంచాలు లేవు. ప్రైవేటులో ఎనభై వేలు కడితేనే లోపలికి అన్నారు. నా బంగారం లాక్‌డౌన్‌లోనే ఇంటి కిస్తీల కోసం కుదువలో పడింది. కార్ఖానా సేఠ్ ఫోన్ ఎత్తలేదు. నేను మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే తియామికె పైనుంచి దిగొచ్చింది.

"అక్కా, నాన్న పంపిన పైసలు నీ ఖాతల ఉన్నయి గదా."

"అవి నీ ఫీజు బిడ్డా."

"ఫీజు రేపు కడ్తం. అంకుల్‌కు ఇయ్యాల ఊపిరి ఆడ్తలేదు."

తమ్ముడూ, నేను ఇంకోసారి వద్దనలేదు. వద్దన్నానని రాస్తే నా మీద నీకు కొంచెం జాలి కలుగుతుంది. కానీ అనలేదు. ఆటో పిలిచాను. ఎనిమిది రోజులకు లక్షా ఇరవై రెండు వేలు అయ్యాయి.

మనిషి బతికాడు. కానీ నాలుగు మెట్లెక్కితే కూర్చుంటాడు. మగ్గం మీద నిలబడలేడని సేఠ్ తీసేశాడు. దసరాకు కడతాను, దీపావళికి కడతాను అనుకుంటూ వచ్చాను. అక్టోబర్‌లో పిల్ల పేరు క్లాసులోంచి తీసేశారు. హాల్‌టికెట్ రాలేదు. వాళ్ల నాన్నకు కట్టానని అబద్ధం చెప్పింది నాకోసమే. వీసా మీద బయట పని చేయకూడదు కనుక ఇంట్లోనే మాతో పాటు చీరలకు రాళ్లు అతికిస్తోంది. చీరకు నాలుగు రూపాయలు. ఆ నాలుగు రూపాయలూ ఆమె నోట్‌బుక్‌లో ఫీజు కింద జమ రాసుకుంటుంటే నేను చూశాను.

నిన్న పొద్దున నీ ఉత్తరం చదివి వెంటనే చెప్పేశాను. లేని పరీక్ష కోసం దాచి ఏం లాభం? చేతిలో చీర ఉంది. ఆ చీర చివరిదాకా అతికించింది. తర్వాత "ఎప్పుడు?" అని అడిగింది. చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టింది.

"పద్దెనిమిది దినాలు ఆయనకు మెసేజులు పెట్టిన అక్కా. చూస్తలేడేందని అలిగిన గూడ."

తరువాత పైకి పోయింది. నేను పిలవలేదు, పిలిచే ముఖం లేదు. మీ బావ కింద ఆ మాటలన్నీ విన్నాడు. అప్పటి నుంచి అన్నం ముట్టలేదు.

స్వరాజ్యం


బ్లాంటైర్
2021 మార్చి 2

అక్కకు,

మూడు వారాలుగా కాగితం తీయడం, మడిచి పెట్టడం. బావ బతికినందుకు సంతోషం లేదని రాయలేను. ఆ సంతోషాన్ని పట్టుకుని మెర్సీ ఇంటికి పోలేకపోతున్నాను.

నాకు జూలైలోనే చెప్పి ఉంటే అప్పటికి నా దగ్గర ముప్ఫై వేలు ఉన్నాయి. కాలేజీవాళ్లను వాయిదాలు అడిగేవాళ్లం. చిసాలె ఉన్నాడు అప్పుడు. ఇప్పుడు కాలేజీకి ఫోన్ చేశాను. మళ్లీ చేర్చుకుంటారట, కొత్త ఫీజు లక్షా ముప్ఫై అయిదు వేలు, పాత జరిమానా వేరే. మిల్లు పోయిన సోమవారం మూసేశారు. నాకు నాలుగు నెలల జీతం రావాలి. యంత్రాలు అమ్ముడుపోతే ఇస్తామని నన్నే కాపలా పెట్టారు.

మెర్సీకి, రోగం వల్ల పరీక్షలు రద్దయ్యాయని చెప్పాను. అబద్ధాల్లో నాదీ ఒకటి చేరింది.

మార్కండేయ


డిండోలి
2021 డిసెంబర్ 12

తమ్ముడూ,

తియామికె రేపు బొంబాయిలో విమానం ఎక్కుతుంది. ఇవాళ రైలు ఎక్కించి వచ్చాం.

ఈ తొమ్మిది నెలలు ఎట్లా గడిచాయో రాయడానికి ఏమీ లేదు. చీరల రాళ్ల డబ్బు తిండికి సరిపోయింది. ఫీజు కింద జమ రాయడం ఆమే మానేసింది. చిక్కుకుపోయిన విదేశీయులకు ఇచ్చిన వీసా గడువు కూడా అయిపోయింది. ఇంకా ఉంటే జరిమానా. విమానం టికెట్ కోసం మేడ మీది గదిని ఒక కుటుంబానికి ఇచ్చి పదకొండు నెలల కిరాయి ముందే తీసుకున్నాను. మిగతాది రుచిత జీతం. బి.కాం. ఆఖరి ఏడు మానేసి రింగ్ రోడ్ మార్కెట్లో చీరల బిల్లులు రాస్తోంది. నీకు చెప్పొద్దంది. ఇక దాచడం నాకు చేతకాదు.

స్టేషన్లో ఆమె పెట్టె పట్టుకుంటానని మీ బావ పట్టుబట్టాడు. పది అడుగులకే ఆగిపోయాడు. ఆమె పెట్టె తీసుకుని, అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్లు తాగించింది. ఊరు పోయే మనిషి, సాగనంపే మనిషికి.

"నన్ను రెండు మాటలు తిట్టిపో బిడ్డా," అన్నాను.

"కోపమొస్తలేదక్కా. వస్తే పోవుడు తేల్కగుండు," అంది.

రైలు కదిలాక మీ బావ అక్కడే కూర్చున్నాడు. "నన్ను ఎందుకు బతికిచ్చిన్రు?" అన్నాడు. చేయి పట్టి లేపి ఇంటికి తెచ్చాను.

స్వరాజ్యం


బ్లాంటైర్
2022 జనవరి 16

అక్కా,

పిల్ల క్షేమంగా చేరింది. తెల్లారి వాళ్ల నాన్నను పూడ్చిన చోటికి తీసుకుపోయాను. కలుపు పెరిగి ఉంది. ఏడవలేదు, కూర్చుని కలుపంతా పీకింది.

చుట్టుపక్కలవాళ్లు వచ్చి "డాక్టరమ్మ వచ్చింది" అని పాట పాడారు. తర్వాత ఆమె వాళ్లమ్మకు, రోగం వల్ల కాలేజీలు ఆగిపోయాయని, చదువు సగంలోనే పోయిందని చెప్పింది. ఫీజు సంగతి ఎత్తలేదు. ఊళ్లో ఒక క్లినిక్‌లో చీటీలు రాసే పని దొరికింది. లోపల ల్యాబ్ ఉంది. డిగ్రీ లేదు కనుక ఆ గదిలోకి పోనివ్వరు.

మెర్సీ నీకు ఒక బట్ట ఇచ్చింది. ఇక్కడి ఆడవాళ్లు నడుముకు చుట్టుకునే రంగుల బట్ట. చిసాలె కొనిపెట్టినవాటిలో కట్టనిది అదొక్కటే అట. "రెండేండ్లు నా బిడ్డకు అన్నం పెట్టింది. నేను లేని దగ్గర తల్లి అయింది," అని చెప్పమంది. బొంబాయి వస్తున్న ఒకాయనతో పంపుతున్నాను.

మార్కండేయ


డిండోలి
2022 ఫిబ్రవరి 20

తమ్ముడూ,

బట్ట అందింది. మంచి పసుపు రంగు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మూడు చోట్లు మార్చాను. ఎక్కడ పెట్టినా కనబడుతుంది.

ఆమె దండాలు నేను తీసుకోలేను. నువ్వు ఆ తల్లికి నిజం చెప్పు. ఫీజు డబ్బు నేను వాడుకున్నానని, నా పెనిమిటి కోసం వాడానని, పిల్ల చదువు రోగం వల్ల ఆగలేదని, నావల్ల ఆగిందని చెప్పు. తిడితే తిట్టనీ. నాకు అది కావాలి. మీ బావ "ఊకో స్వరాజ్యం, గిప్పుడెందుకు?" అన్నాడు. నేను వినలేదు. ఈ కాగితం ఆమె ముందు పెట్టి మాట మాట చదువు.

స్వరాజ్యం


బ్లాంటైర్
2022 మార్చి 20

అక్కా,

చదివాను.

పోయిన ఆదివారం, వాళ్లింట్లో. తియామికె పనికి పోయింది. మెర్సీ చాట ముందేసుకుని బీన్స్ ఏరుతోంది. నేను ఒక్కో మాటా వాళ్ల భాషలో చెబుతుంటే ఏరుతూనే వింది. అయిపోయాక, "ఆ మనిషి బతికిండా?" అని అడిగింది.

బతికాడన్నాను.

"మంచిది," అంది. మళ్లీ ఏరింది. తర్వాత చేతులు ఆగాయి. "గా పైసలు పంపకుంట ఇంట్లనే పెట్టుకుంటే, మా ఆయనకు సిలిండర్ వచ్చు గదా? ఆ దినమే వచ్చు గదా?"

అక్కా, నువ్వు తిట్లు అడిగావు. ఆమె తిట్టలేదు. ఆ ఒక్కటే అడిగింది, జవాబు కోసం నా ముఖం చూసింది. నేను లేచి వచ్చేశాను. వీధి మలుపు దాకా నా వెనక బీన్స్ ఏరే చప్పుడు వినబడలేదు.

సాయంత్రం తియామికె మిల్లు గేటు దగ్గరికి వచ్చింది. నేను కుర్చీ వేశాను. కూర్చోలేదు. సూరత్‌లో ఇంకా బాగా నేర్చిన తెలుగులోనే మాట్లాడింది.

"మామా, ఎందుకు చెప్పిన్రు?"

"అక్క చెప్పమంది బిడ్డా. ఆమెకు బరువుగా ఉన్నదట."

"నేను రెండేండ్లు మోసిన గదా. ఇంగ మోస్తుంటి." గేటు చువ్వ పట్టుకుంది. "చదువు పోయింది, నాన్న పోయిండు. దూరదేశంల ఒక అక్క నా బిడ్డను సూసుకున్నదని, గదొక్కటే మా అమ్మ మందికి చెప్పుకునేది. గది గూడ తీసుకుంటిరి."

పోయింది. వారమైంది, మళ్లీ రాలేదు. నేను పోతే తలుపు తీయలేదు. మెర్సీ మంచం దిగడం లేదని పక్కింటివాళ్లు చెప్పారు.

నువ్వు చెప్పమన్నావు, నేను చెప్పాను. ఇందులో నీ తప్పెంత, నాదెంత అని ఇక్కడ ఒక్కణ్నే కాపలా కూర్చుని ఆలోచిస్తున్నాను. ఇవాళ యంత్రాలు కొనడానికి ఎవరో వచ్చారు. చిసాలె బిగించిన మగ్గాలను ఇనుము ధరకు అడిగి పోయారు.

మార్కండేయ